మే నెల జ్వరం

గ్రాండల్ హార్బర్ అనే ఆ రేవు ఊళ్లో పిల్లలకు ఏడాది పొడవునా ఏ రోగమూ రాదు. జనవరి మంచులో టోపీ లేకుండా తిరుగుతారు, మార్చి వానలో తడుస్తారు, ఒక్క తుమ్మయినా తుమ్మరు. మే మొదటి వారం వచ్చేసరికి మాత్రం రేవు వీధి మొత్తానికి ఒక్కసారే జ్వరం తగులుతుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా తరగతికి పది పన్నెండు కుర్చీలు ఖాళీ. ఆ పైవారం అందరూ ఎండకు కమిలిన ముక్కులతో, తాడు ఒరిపిడికి బొబ్బలెక్కిన అరచేతులతో, 'జ్వరం వచ్చింది' అని ఇంట్లోవాళ్లు రాసిచ్చిన చీటీలతో దిగబడతారు. ఎండలో మాడే జ్వరం ఏమిటని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. హాజరు పుస్తకం చూసే ఫే గారు చీటీ అందుకుని, మొహంలో ఒక్క గీత కూడా కదలకుండా ఫైల్లో పెట్టేస్తుంది. ఆవిడ కొడుకులిద్దరూ అదే జ్వరం పడి లేచినవాళ్లు. లాబ్‌స్టర్లనే పెద్ద సముద్రపు రొయ్యల్ని పట్టే బోనులు నీళ్లలో వేసే వారం అది. ఆ వారం ఇంట్లో రెండు చేతులు ఖాళీగా ఉంటే పడవ ఊరుకోదు.

వర్నా పామ్రాయ్ ఆ బడికి కౌన్సెలర్. వచ్చి పంతొమ్మిదేళ్లయింది. పుట్టింది సముద్రానికి దూరంగా, లోపల బంగాళాదుంపలు పండే వైపు గనుక ఊళ్లో ఆవిణ్ణి ఇప్పటికీ 'పైనుంచి వచ్చినావిడ' అనే అంటారు. ఇంకో పంతొమ్మిదేళ్లున్నా ఆ మాట మారదని ఆవిడకు తెలుసు. మే నెల జ్వరం గురించి మొదటి ఏడాదే తెలిసింది. అందరితోపాటు తనూ నవ్వడం నేర్చుకుంది. ఊరు తనను కలుపుకుందనడానికి ఆ నవ్వొక్కటే ఆవిడ దగ్గరున్న రుజువు.

ఏటా సెప్టెంబరులో, బడి తెరిచిన రెండు వారాల్లోపు, తొమ్మిదో తరగతిలోకి వచ్చిన ప్రతి పిల్లనూ పిల్లాణ్ణీ అరగంటసేపు ఎదురుగా కూర్చోబెట్టుకుంటుంది. బల్ల మీద ఒక పసుపు కాగితం, ఒక పెన్సిల్. కాగితం మీద నాలుగేళ్లకు నాలుగు వరుసలు. ఏ ఏడు ఏ పాఠం, దాని తరవాత ఏది, చివరికి ఎక్కడికి. పెన్నుతో రాయనివ్వదు. పద్నాలుగేళ్ల వయసులో పెన్నుతో రాసినవాళ్లెవరూ బాగుపడలేదని ఆవిడ నమ్మకం.

ఆ ఏడు ఏడో రోజున లొవీనా ఆలీ వచ్చింది. సన్నగా, పొడుగ్గా, భుజాలు మాత్రం పెద్దవాళ్లవిలా ఉన్న పిల్ల. తల్లి దూరంగా పెద్ద ఊళ్లో నర్సు, నెలకు రెండుసార్లు వస్తుంది. పిల్లను పెంచుతున్నది తాత హార్లన్. బళ్లో సంతకం పెట్టేదీ ఆయనే, పడవలో పక్కన నిలబెట్టుకుని ఎర కట్టడం నేర్పిందీ ఆయనే. లొవీనా కాగితం ముందే నింపుకొచ్చింది. నాలుగు వరుసల్లోనూ అన్నీ తేలిక పాఠాలే, అదీ పెన్నుతో.

"ఎవరు చెప్పారు ఇలా రాయమని?" అంది వర్నా.

"ఎవరూ చెప్పలేదు మేడమ్. పునాది లెక్కల్లో వేశారు కదా. అక్కణ్ణుంచి ఇంతే వస్తుంది."

పునాది లెక్కలంటే ఆల్జీబ్రాకు ఇంకా పనికిరారని తేల్చినవాళ్లను కూర్చోబెట్టే తరగతి. వర్నా కాగితం పక్కకు జరిపి, అసలు ఏం కావాలనుందో చెప్పమంది. పిల్ల కిటికీలోంచి రేవు వైపు చూసింది. తాత పడవ ఇంజను పోయిన చలికాలం తనే విప్పి, తనే బిగించానంది. ఎంత ఇంధనానికి ఎంత దూరం పోతుందో, ఆటుపోటుకు ఎదురెళితే ఎంత తగ్గుతుందో, గాలి తోడైతే ఎంత మిగులుతుందో గడగడా చెప్పింది. వర్నా కాగితం మీద లెక్క వేసుకుంటూ వెనకబడిపోయింది.

ఆ తరవాత గొంతు తగ్గించి అసలు మాట చెప్పింది. తీరం వెంబడి పైకెళితే నౌకా కళాశాల ఉంది. అందులో చదివి పెద్ద ఓడల ఇంజను గదిలో ఇంజనీరు కావాలని ఉంది. తాతకు మాత్రం చెప్పొద్దు.

వర్నాకు ఆ కళాశాల ఏమడుగుతుందో కంఠతా వచ్చు. ఆల్జీబ్రా, జామెట్రీ, రెండో ఆల్జీబ్రా, ఆపైన కాలిక్యులస్ ముందటి లెక్కలు. ఏడాదికొకటి, వరసగా నాలుగు. తొమ్మిదిలో ఆల్జీబ్రా లేకపోతే పన్నెండు అయ్యేసరికి ఒక మెట్టు తక్కువ. ఆ ఒక్క మెట్టు తక్కువైనవాళ్ల దరఖాస్తు వాళ్లు చూడను కూడా చూడరు. పాఠాలు మార్చుకోవడానికి పదో రోజు ఆఖరు. అంటే శుక్రవారం మూడు గంటలు. అది దాటితే ఈ పిల్లకు ఆ ఇంజను గది తలుపు పద్నాలుగేళ్లకే మూసుకుపోయినట్టు.

"ఇంత లెక్క తెలిసినదానివి ఎనిమిదిలో పెట్టిన పరీక్షలో ఎందుకు తప్పావే?"

"తప్పలేదు మేడమ్. రాయలేదు. అప్పుడు నాకు..." పిల్ల నవ్వు ఆపుకుంది. "జ్వరం."

వర్నా అలవాటు కొద్దీ నవ్వింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

ఆల్జీబ్రాకు ఎవరు సిద్ధమో తేల్చే పరీక్ష ఏటా మే మొదటి వారంలోనే. రానివాళ్లకు సున్నా. సున్నా వచ్చినవాళ్లు పునాది లెక్కల్లోకి. ఆ జాబితా లెక్కల మాస్టారు పంపిస్తాడు, వర్నా పెన్సిల్‌తో కాగితాల మీద ఎక్కిస్తుంది. ఇన్నేళ్లూ అదే జరిగింది.

లొవీనాను తరగతికి పంపేసి, బీరువా తెరిచి పాత జాబితాలన్నీ కింద పరిచింది. ఫే గారి దగ్గర చీటీల ఫైళ్లు అడిగి తెచ్చుకుని పేరుకు పేరు పక్కన పెట్టి చూసింది. ఈ ఏడు పదకొండు మంది. పోయిన ఏడు తొమ్మిది. అంతకుముందు పదమూడు. అన్నీ రేవు వీధి పేర్లే. రేవు పిల్లలకు లెక్కలు తలకెక్కవని బళ్లో అందరూ అనేవాళ్లు, తనూ అనుకుంది. బోనుల లెక్క, తాళ్ల లెక్క, పోటు లెక్క నోటి మీద వేసే పిల్లల గురించి అలా ఎలా అనుకోగలిగిందో ఆవిడకు అర్థం కాలేదు. ముందుచూపు నేర్పడానికి జీతం తీసుకుంటున్న మనిషికి కాళ్ల ముందున్నది కనపడలేదు. ఆ మధ్యాహ్నం భోజనం ముట్టుకోలేదు.

లెక్కల మాస్టారు డోక్ ముప్పై ఏళ్లుగా అదే గదిలో, అదే బోర్డు ముందు ఉన్న మనిషి. నియమం అంటే ఆయనకు ప్రాణం. వర్నా విషయం చెప్పగానే, పరీక్ష ఏడాదికొక్కసారేనని ఖండితంగా చెప్పాడు. జ్వరమైతే డాక్టరు చీటీ కావాలి, డాక్టరు చీటీ ఎవరూ తేలేదు అన్నాడు. వర్నా లేవలేదు. ఆ నియమాల పుస్తకం ఒకసారి చూపించమంది. ఇద్దరూ కలిసి పేజీలు తిప్పారు. పద్నాలుగో పేజీలో, ఎవరూ ఎన్నడూ చదవని చోట, నాలుగు పంక్తులు కనపడ్డాయి. కుటుంబం పని వల్ల పరీక్షకు రాలేకపోయిన పిల్లలకు, పెద్దవాళ్లు కారణం రాసి సంతకం పెట్టి అడిగితే, బడి తెరిచిన పది రోజుల్లోపు మళ్లీ పరీక్ష పెట్టవచ్చు.

డోక్ ఆ నాలుగు పంక్తులూ మళ్లీ చదివాడు. "అంటే నిజం రాసుంటే చెల్లేదన్నమాట," అన్నాడు.

బుధవారం బడి వదలగానే వర్నా రేవుకెళ్లింది. పడవలు ఒక్కొక్కటే వచ్చి పెట్టెలు దించుతున్నాయి. ఎర పీపాల్లోంచి ఉప్పు చేపల కంపు గుప్పుమంటోంది. లొవీనా అప్పటికే రబ్బరు బూట్లు తొడుక్కుని తాత పడవ కడుగుతోంది. హార్లన్ ఆలీ చెక్కబల్ల మీద కూర్చుని తెగిన తాడు ముడేస్తున్నాడు. డెబ్బై దాటినా వేళ్లు చూపు కంటే ముందు కదులుతాయి.

వర్నా వచ్చిన పని చెప్పింది. ఆయన తల ఎత్తలేదు.

"పంతొమ్మిదేళ్ల నుంచీ జ్వరమని రాస్తే ఊరుకున్నారు. ఇప్పుడొచ్చి, అబద్ధమాడానని నా చేత్తోనే రాసిమ్మంటారా మేడమ్?"

"నేనూ ఊరుకున్నాను కదండీ. మీది అబద్ధమైతే నాది అంతకంటే పెద్ద తప్పు."

"దాని మీద సంతకం పెడితే రేపు ఇంకేదో కాగితం వస్తది. బడి మానిపించాడని నోటీసొస్తది. పైనుంచి వచ్చినవాళ్లకు మా సంగతులేం తెలుస్తాయి."

ఆ మాట వర్నాకు గుచ్చుకుంది గానీ కదలలేదు. నోటీసు రాదనీ, వస్తే తన పేరు మీదే రానిస్తాననీ చెప్పింది. హార్లన్ ముడి బిగించి, అయినా ఈ పిల్లకు ఆ పెద్ద లెక్కలు ఎందుకని అడిగాడు. పడవ ఉంది. లైసెన్సు ఉంది. తన తరవాత బోనులు దానివే. ఇంకేం కావాలి?

వర్నా పడవ వైపు చూసింది. తాతకు చెప్పనని పిల్లకిచ్చిన మాట ఉంది. పడవలో నీళ్ల చప్పుడు ఆగింది. లొవీనా గొట్టం కింద పెట్టి, బూట్లతోనే చెక్కబల్ల మీదికి ఎక్కొచ్చింది.

"తాతా, నాకు పెద్ద ఓడల ఇంజనీరు అవ్వాలనుంది. నౌకా కళాశాలకెళ్తా."

హార్లన్ చేతుల్లో తాడు ఆగింది. పక్క పడవలవాళ్లు పని చేసుకుంటున్నట్టు నటిస్తూ చెవులు ఇటే పెట్టారు. చివరికి ఆయన, "ఏదీ ఆ కాగితం," అన్నాడు.

వర్నా పసుపు కాగితం ఇచ్చింది. ఆయన అద్దాలు పెట్టుకుని దాన్ని పీపా మీద పరిచాడు. మొదటి వరుస చూడలేదు. ఎక్కడికి చేరాలో చూపించమన్నాడు. లొవీనా అడుగున, కాగితం అంచు దాటి, పీపా చెక్క మీద వేలు పెట్టింది. హార్లన్ తన వేలు అక్కడ ఆనించి, పొగమంచులో రేవుకు దారి చూసుకునేవాడిలా అక్కణ్ణుంచి వెనక్కు వచ్చాడు. పన్నెండో తరగతి. అక్కడ ఏం ఉండాలో వర్నాను అడిగాడు. చెప్పింది. దానికి ముందు ఏది? చెప్పింది. దానికి ముందు? వేలు మొదటి వరుసకు వచ్చి 'పునాది లెక్కలు' అని పెన్నుతో రాసిన చోట ఆగింది.

"ఇక్కడ రాయి ఉంది," అన్నాడు. "ఈ దారిన వస్తే పడవ తగులుకుంటది. ఎవరేశారు ఇది?"

"నేనేనండీ," అంది వర్నా.

హార్లన్ అద్దాల మీంచి ఆవిణ్ణి చూశాడు. ఆ మాట ఒప్పుకునే మనిషి ఆ ఊరికి బడి వైపు నుంచి ఎన్నడూ రాలేదు. చేతులు తుడుచుకుని పెన్ను అడిగాడు. ఎర కొన్న చీటీల పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు. మే మొదటి వారంలో నా మనవరాలికి జ్వరం లేదు. నూట యాభై బోనులు వేయడానికి నేనే తీసుకెళ్లాను. తప్పు నాది, పిల్లది కాదు. పరీక్ష పెట్టండి. కింద సంతకం చేశాడు.

కాగితం వర్నా చేతిలో పెట్టి, ఇంకా ఎంతమంది అని అడిగాడు. పది మంది అంది. ఆయన పడవలోకి దిగి, పడవలవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే రేడియో అందుకున్నాడు. రేవులో ఉన్నవాళ్లూ, ఇంకా సముద్రంలో ఉన్నవాళ్లూ అందరూ విన్నారు.

"హార్లన్ని మాట్లాడుతున్నా. మేలో ఎనిమిదో తరగతి పిల్లలకు జ్వరమొచ్చిన ఇళ్లవాళ్లు వినండి. రేపు పొద్దున బడి దగ్గరికి పెన్ను పట్టుకుని రండి. జ్వరం తగ్గిందని రాయాలి."

రేడియో గరగరలాడింది. తరవాత ఎవరో, ఎన్నేళ్ల జ్వరాలు రాయాలి అని అడిగారు. పడవల మీద నవ్వులు లేచాయి.

గురువారం ఎనిమిది గంటలకు బడి ముందు ట్రక్కులు బారులు తీరాయి. రబ్బరు బూట్లు వేసుకున్న తండ్రులూ, తలకు రుమాళ్లు కట్టుకున్న తల్లులూ ఫే గారి కిటికీ ముందు వరసలో నిలబడ్డారు. ఫే గారు ఒక్కొక్క చీటీ అందుకుని, ఎప్పటిలాగే మొహం కదలకుండా, ఈసారి మాత్రం పైకి చదివింది. ఒకాయన, 'జ్వరం లేదు, ఎప్పుడూ లేదు, మా నాన్న కాలంలో కూడా లేదు' అని రాశాడు. అది చదివేటప్పుడు ఆవిడ మొహంలో మొదటిసారి ఒక గీత కదిలింది.

పదకొండు చీటీలూ తీసుకుని వర్నా డోక్ గదికి వెళ్లింది. గది అంతా ఎర వాసన వేసింది. ఆయన కిటికీ తెరిచి, చీటీలన్నీ ఒకటొకటిగా చదివాడు. చదువుతుంటే మెడ ఎర్రబడింది. "నువ్వు పంతొమ్మిదేళ్లు చూడలేదు," అన్నాడు. "నేను ముప్పై." ఆ తరవాత సొరుగు తాళం తీసి ప్రశ్నపత్రాలు లెక్కపెట్టుకున్నాడు.

శుక్రవారం మొదటి గంటలో పదకొండు మందీ పరీక్షకు కూర్చున్నారు. వర్నా తలుపు బయట నిలబడలేక, పని ఉన్నట్టు నాలుగుసార్లు ఆ దారిన నడిచింది. తలుపు అద్దంలోంచి లొవీనా వీపు కనపడింది. పిల్ల రాయడం లేదు, పైకప్పు వైపు చూస్తోంది. రెండోసారి చూసినప్పుడూ అలాగే ఉంది. ఇంత గొడవ చేసి, ఊరందరి చేతా నిజం రాయించి, చివరికి పిల్లలు రాయలేకపోతే? రేవు పిల్లలకు లెక్కలు రావన్న మాటకు తనే ముద్ర కొట్టించినట్టు అవుతుంది. మూడోసారి వెళ్లినప్పుడు లొవీనా పెన్సిల్ పేజీ మీద పరిగెడుతోంది. నాలుగోసారి కాగితం బోర్లించి చేతులు కట్టుకుని కూర్చుంది. తరవాత అడిగితే, మొదట అన్ని ప్రశ్నలూ మనసులోనే చేసుకున్నానని, పడవలో కాగితం ఉండదు గనుక అలా అలవాటని చెప్పింది.

భోజనాల వేళ దాటింది. ఒంటిగంట, రెండు. వర్నా బల్ల మీద పదకొండు పసుపు కాగితాలు, ఒక రబ్బరు, చెక్కిన పెన్సిల్ సిద్ధంగా ఉన్నాయి. రెండుంపావుకు డోక్ వచ్చాడు. ముప్పై ఏళ్లలో ఆ మనిషి ఎవరి గదికీ తనంతట తాను వెళ్లలేదు.

"తొమ్మిది మంది," అన్నాడు.

నెగ్గడానికి నూటికి డెబ్బై వస్తే చాలు. లొవీనాకు ఎనభై ఎనిమిది. అందరికంటే ఎక్కువ, తొంభై ఏడు, ఆరిన్ క్రౌలీ అనే పిల్లాడికి. బళ్లో వాడు నోరు తెరవగా విన్నవాళ్లు లేరు. తప్పిన ఇద్దరికీ వచ్చే వేసవిలో తనే పాఠం చెబుతానని, అప్పుడు వాళ్లూ వరసలో కలిసిపోతారని డోక్ అన్నాడు. ఉన్న ఆల్జీబ్రా తరగతిలో కుర్చీలు చాలవు. తన ఖాళీ గంటలో రెండోది మొదలుపెడతానని, దానికెవరి అనుమతీ అడగనని కూడా అన్నాడు. నియమం అంటే ప్రాణమిచ్చే మనిషి ఆ మాటన్నాడు.

వర్నా రబ్బరు తీసుకుంది. తొమ్మిది కాగితాల మీద 'పునాది లెక్కలు' చెరిపి, 'ఆల్జీబ్రా' అని రాసింది. లొవీనా పెన్నుతో రాసింది చెరగలేదు. దాన్ని అడ్డంగా కొట్టేసి పైన రాసింది. మూడు కావడానికి పన్నెండు నిమిషాలుండగా కాగితాలన్నీ ఆఫీసులో చేరాయి.

ఫే గారు ఆ సంగతి రేవుకు ఫోన్లో చెప్పిందో, కిటికీలోంచి అరిచిందో తెలియదు. ఆఖరి గంటలో తరగతులు నడుస్తుండగా రేవులో ఒక పడవ హారన్ మోగించింది. దాని వెనక ఇంకొకటి. తరవాత రేవులో ఉన్న పడవలన్నీ. బళ్లో పాఠాలు ఆగిపోయాయి. పిల్లలు కిటికీల దగ్గర మూగారు. లొవీనా మాత్రం కుర్చీలోంచి లేవకుండా, అందులో తాత హారన్ ఏదో విని పోల్చుకుంటూ కూర్చుంది. వర్నా తన గదిలో తలుపు వేసుకుని హాయిగా, గట్టిగా ఏడ్చింది.

ఆ ఏడాది నుంచి పరీక్ష మార్చిలోకి మారింది, పడవలన్నీ ఒడ్డుకు ఎక్కించి ఉండే రోజుల్లోకి. బోనులు వేసే వారం మాత్రం మారలేదు, పిల్లలు మానడమూ మారలేదు. చీటీల్లో ఇప్పుడు 'బోనులు' అని రాస్తున్నారు.

లొవీనా పన్నెండో తరగతి మే నెలలో, మొదటి వారం సోమవారం పొద్దున, హార్లన్ తనే బడికి వచ్చాడు. జేబులోంచి నాలుగు మడతల పసుపు కాగితం తీశాడు. ఆఫీసులో నమోదయ్యాక వర్నా తిరిగిచ్చేస్తే, నాలుగేళ్లూ పడవలో చుక్కాని చక్రం పక్కన అతికించి ఉంచిన కాగితం అది. ఉప్పు నీళ్లకు అంచులు తెల్లబడ్డాయి. ప్రతి వరుస మీదా, అయిపోయిందన్నట్టు, పెన్సిల్ గీత ఉంది. ఆఖరి గీత నిన్ననే గీసినట్టుంది. దాన్ని వర్నా బల్ల మీద పెట్టి, ఫే గారి కిటికీ దగ్గరికి వెళ్లి చీటీ ఇచ్చాడు.

ఫే గారు చదివి, ఆయన వెనకే వచ్చిన వర్నాకు అందించింది. లొవీనా ఈ వారం బడికి రాదు, అని రాసి ఉంది. జ్వరం కాదు. బోనులూ కాదు. నౌకా కళాశాలవాళ్లు చేర్చుకున్నారు, ఓడ చూపిస్తాం రమ్మన్నారు. బోనులు నేనొక్కణ్ణే వేసుకుంటాను.

"హాజరు పుస్తకంలో ఏమని రాయమంటారు?" అంది ఫే గారు.

"ఆయన రాసిందే రాయండి," అంది వర్నా.

కిటికీలోంచి చూస్తే హార్లన్ ట్రక్కు అప్పటికే రేవు వైపు మలుపు తిరుగుతోంది. వెనక నూట యాభై బోనులు ఎత్తుగా పేర్చి, తాళ్లతో కట్టి ఉన్నాయి. ముందు సీట్లో ఆయన పక్కన ఎవరూ లేరు. మలుపు దగ్గర ఆయన హారన్ ఒకసారి గట్టిగా కొట్టాడు.